కుడి పక్క తెర వెనక

ఆ బడి హాల్లో వేదికకు కుడి పక్కన, తెర మడతల వెనక, ఒక చెక్క మిగతా చెక్కలకంటే నున్నగా అరిగి ఉంటుంది. డాన్సు మేడమ్ నిలబడే చోటు అది. ఇరవై రెండేళ్లుగా ప్రతి వార్షికోత్సవానికీ ఆవిడ అక్కడే నిలబడి, వేదిక మీద ఎవరు ఆడుతుంటే వాళ్లతో ఆడుతుంది, ఎవరు మాట్లాడుతుంటే వాళ్లతో మాట్లాడుతుంది. గొంతు బయటికి రాదు, పెదాలు మాత్రం కదులుతాయి. మాట మరిచిన పిల్ల ఇటు ఒక్క చూపు చూస్తే చాలు, ఆ మాట ఆవిడ పెదాల మీద తయారుగా ఉంటుంది. అడుగు తప్పిన పిల్లకి ఆవిడ పాదాలే దారి.

“హాల్లో కూర్చునేకంటే తెర వెనక నుంచుంటేనే అసలు నాటకం కనిపిస్తుందండీ. రాజూ మీరే, రాణీ మీరే, గుర్రమూ మీరే!” అని లెక్కల మాస్టారు ఏటా ఒకసారైనా ఆటపట్టిస్తాడు.

“గుర్రం వేషం ఇంకొకరికిస్తే మీరు అలుగుతారని నేనే వేస్తున్నా మాస్టారూ,” అని ఆవిడ తిప్పికొడుతుంది.

ఆవిడ దగ్గరికి పిల్లలు ఆరేళ్లకు వస్తారు, పదహారేళ్లకు వెళతారు. ఒకటో తరగతిలో కుడికాలు ఏదో ఎడమకాలు ఏదో తెలియదు. కుడి చీలమండకు ఎర్ర రిబ్బను కట్టి నేర్పాలి. మూడో తరగతికి రిబ్బను విప్పేసి గొంతు పని మొదలుపెడుతుంది. మాట వెళ్లి వెనక గోడకు తగలాలి, గోడ “అబ్బా” అనాలి అంటుంది. ఆరో తరగతికి సిగ్గు వచ్చి పడుతుంది. నిన్నటిదాకా కోతుల్లా గెంతినవాళ్లకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎనిమిదిలో మగపిల్లల గొంతులు పగిలి, “మాటల్లేని వేషం ఉంటే ఇవ్వండి మేడమ్, చెట్టైనా ఫరవాలేదు,” అని బతిమాలుకుంటారు. తొమ్మిదికి ఏ ఒకరిద్దరికో వేదికంటే ఏమిటో అర్థమవుతుంది. పదికి వెళ్లిపోతారు.

ఆ పదో ఏటికి ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. పదో తరగతి నాటకానికి మాత్రం ఆవిడ కుడి పక్కన నిలబడదు. హాల్లో చిట్టచివరి వరసలో, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంటుంది. పిల్లలు దాన్ని ‘చెయ్యి వదలడం’ అంటారు. “వచ్చే ఏడాది మేడమ్ మన చెయ్యి వదిలేస్తుందిరా,” అని తొమ్మిదో తరగతి నుంచే చెప్పుకుంటారు, కొందరు గర్వంగా, కొందరు బెరుగ్గా.

ఆ ఏడాది అందరికంటే ఎక్కువ బెదిరింది అందరికంటే బాగా ఆడే పిల్ల. మేడమ్‌కి అదే వింతగా తోచింది.

ఆ పిల్లను బడిలో గడియారం అంటారు. పేరు పెట్టింది మేడమే, మూడో తరగతిలో. ఆవిడ చేతికర్రతో వేదిక చెక్కల మీద తాళం వేసేది. వేగం పెంచినా, తగ్గించినా, పక్కవాళ్లంతా తప్పినా, ఆ పిల్ల అడుగు మాత్రం కర్రదెబ్బ మీదే పడేది. “చూడండర్రా, ఇది పిల్ల కాదు, గడియారం!” అని మురిసిపోయింది ఆవిడ. ఆ మాట అతుక్కుపోయింది.

మిగతా క్లాసుల్లో ఆ పిల్లకు ఇంకో పేరుండేది. మొద్దు. పిలిస్తే పలకదు. అడిగేది ఒకటైతే చెప్పేది మరొకటి. డిక్టేషన్ రాయమంటే పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తుంది. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే టీచర్ల దగ్గరైతే మరీ మొద్దు. స్టాఫ్‌రూములో ఆ ప్రస్తావన వచ్చిందంటే డాన్సు మేడమ్ టీ గ్లాసు కింద పెట్టేసి పోట్లాటకు దిగేది. “మీకు చెప్పడం చేతకాక పిల్లను మొద్దంటారేం? ఒక్కసారి నా క్లాసుకొచ్చి చూడండి!”

పిల్ల తల్లి బట్టలు ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేసేది. పిల్ల నాలుగో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆమె పని మధ్యలోనే వచ్చింది, ముంజేతి మీద కొత్తగా కాలిన మచ్చతో. చేతిలో క్లాసు టీచరు రాసిచ్చిన చీటీ ఉంది.

“మేడమ్, పిల్లని చెవుల డాక్టరుకి చూపించమని రాశారు. పిలిస్తే పలకట్లేదంట. ఇంట్లోనూ ఒక్కోసారి అంతే. ఆటలో పడి అలా చేస్తుందేమో అనుకున్నా. మీ దగ్గరైతే బాగా ఉంటుంది కదా, మిమ్మల్ని అడుగుదామని వచ్చా.”

మేడమ్ ఆ రోజు వార్షికోత్సవం హడావుడిలో ఉంది. నోట్లో పిన్నీసులు, ఒళ్లో సీతాకోకచిలుకల రెక్కలు. పిన్నీసులు అరచేతిలోకి తీసుకుని పకపకా నవ్వింది.

“దీనికి చెవుడేమిటమ్మా! నూట ఇరవై మందిలో తాళం తప్పనిది ఇదొక్కత్తే. వినపడకపోతే తాళం ఎలా వేస్తుంది చెప్పు? పరధ్యానం, అంతే. ఇష్టంలేని పాఠం ఎవరి చెవికెక్కుతుంది? మన చెవికి ఎక్కిందా?”

తల్లి మొహం విప్పారింది. “మీరన్నారంటే ఇంకేముంది మేడమ్. చదువుకున్నవాళ్లు. నాకేం తెలుసు,” అని చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. వెళుతూ వెళుతూ రెండుసార్లు దండం పెట్టింది.

ఆ మాట మేడమ్‌కి ఇంపుగానే ఉంది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆవిడే. ఆవిడ తల్లి కూడా చదువుకున్నవాళ్లు ఏం చెప్పినా ఇలాగే తలూపేది, ఇలాగే తేలికపడేది. ఆ నమ్మకం ఎంత బరువో ఆవిడకు తెలియంది కాదు. ఆ రోజు రెక్కలు కుట్టే హడావుడిలో గుర్తుకు రాలేదు.

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది. గడియారం క్లాసులోనే ఒక నత్తి పిల్ల ఉండేది. ఆ పిల్లకు రెండు మాటల వేషం ఇస్తే, రిహార్సల్లో రెండో మాట దగ్గర గొంతు పట్టేసింది, హాలంతా నవ్వింది. మేడమ్‌కి ఆ పిల్ల మీద జాలేసింది. మర్నాటి నుంచి తెర లాగే పని అప్పగించింది. “ఇది కూడా పెద్ద పనే అమ్మా, తెర తియ్యకపోతే నాటకమే లేదు,” అని వీపు నిమిరింది. అప్పటినుంచీ ఆ పిల్ల ఏటా ఎడమ పక్కన తాడు పట్టుకునే ఉంది. పిల్లలు ఆమెకు తాడు అనే పేరు పెట్టారు. అరచేతిలో తాడు ఒరిపిడికి ఎర్రటి గీత కూడా పడింది. మేడమ్ ఆ సంగతి అక్కడితో మరిచిపోయింది.

పదో తరగతి నాటకం అక్కాచెల్లెళ్ల కథ. మేడమే రాసింది. చెల్లెలు అక్కతో మాటా మాటా పెరిగి ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. అక్క ఏళ్ల తరబడి తలుపు వంక చూస్తూనే ఉంటుంది. ఊడ్చడం, నీళ్లు మోయడం, పక్కలు పరవడం, ఇంటి పనులన్నీ ఆమె నాట్యం. చివరికి చెల్లెలు తిరిగొస్తుంది. “అది తలుపు కొట్టదు, తప్పు చేసింది కదా, కొట్టడానికి చెయ్యి రాదు. బయట నుంచుని ‘అక్కా’ అంటుంది,” అని మేడమ్ వివరించింది. మొదటి పిలుపుకు అక్క గాలి అనుకోవాలి. రెండో పిలుపుకు చీపురు ఆగాలి. మూడో పిలుపుకు పరుగున వెళ్లి తలుపు తియ్యాలి. అక్క వేషం గడియారానిది. ఇంకెవరికిస్తుంది?

రెండు నెలలు రిహార్సళ్లు జరిగాయి. తలుపు ఇంకా తయారవలేదు కనుక దాని బదులు రెండు కుర్చీలు వేశారు. చెల్లెలి వేషం పిల్ల ఆ రెండు కుర్చీల మధ్య నిలబడి పిలిచేది. మేడమ్ ఎదురుగా కర్రతో తాళం వేస్తూ, అలవాటుగా పెదాలు కదిపేది. గడియారం ఒక్కరోజు తప్పలేదు. మూడో పిలుపుకు ఆ పిల్ల తిరిగే తీరు చూసి మేడమ్ ప్రతిసారీ కర్ర వెయ్యడం మరిచిపోయేది.

నాటకం రోజు పొద్దున తలుపు వచ్చింది. డ్రాయింగు మాస్టారు ప్లైవుడ్డుతో నిలువెత్తు తలుపు చేసి, ఆకుపచ్చ రంగు వేసి, గొళ్లెం కూడా బిగించాడు. దాన్ని వేదిక ఎడమ పక్కన నిలబెట్టారు. పిల్లలంతా తీసి మూసి ఆడుకుంటున్నారు. గడియారం మాత్రం దాని ముందు నిలబడిపోయింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. తర్వాత మేడమ్ దగ్గరికొచ్చింది.

“మేడమ్, దానికి చిన్న కిటికీ పెట్టిద్దామా?”

“ఇప్పుడా? ఇంకా రంగే ఆరలేదే పిల్లా!”

“పోనీ మీరు కుడి పక్క నుంచోండి మేడమ్. ఈ ఒక్కసారికి.”

“భయమా? నీకా?”

పిల్ల ఆవిడ మొహంలోకే చూస్తోంది. ఎప్పుడూ అంతే, రెప్పవేయకుండా చూస్తుంది. ఇంత శ్రద్ధగా వినే పిల్ల మరొకతె లేదని ఆవిడ ఎందరితోనో చెప్పుకుంది.

“పదేళ్లు నీతోపాటు నుంచునే ఉన్నానే తల్లీ,” అంది మేడమ్, ఆ పిల్ల చెంప తట్టి. “ఇవాళైనా నన్ను కూర్చుని నిన్ను చూడనియ్యవా?”

పిల్ల తలూపింది.

మధ్యాహ్నం రెండు గంటలకు హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. మేడమ్ వెళ్లి చివరి వరసలో కూర్చుంది. పక్క కుర్చీలో ఎవరో పిల్లాడి అత్తయ్య, రుమాలు ముందే చేతిలో పెట్టుకుని ఉంది. తెర తొలగింది.

మొదటి అరగంట ఎలా గడిచిందో తెలియలేదు. చెల్లెలు వెళ్లిపోయింది. అక్క మిగిలింది. ఆకుపచ్చ తలుపు మూసి ఉంది. గడియారం చీపురు పట్టి ఊడుస్తోంది. ఊడ్చిన ప్రతి చుట్టుకూ ఒక ఏడాది గడిచినట్టు, ఆ పిల్ల నడుము కొద్దికొద్దిగా వంగుతోంది. చీకట్లో ఎవరో ముక్కు చీదారు.

“అక్కా,” అని తలుపు వెనకనుంచి పిలుపు వచ్చింది.

అక్క ఊడుస్తూనే ఉంది. సరే, గాలి అనుకుంది.

“అక్కా.”

చీపురు ఆగాలి. ఆగలేదు.

“అక్కా!”

గడియారం ఆ చుట్టు ముగించి మళ్లీ మొదటినుంచి అందుకుంది. తిరిగిన ప్రతిసారీ దాని చూపు కుడి పక్కకు వెళ్లి, అక్కడేమీ దొరక్క వెనక్కి వస్తోంది. తలుపు వెనక పిల్లకు ఏం చేయాలో తోచలేదు. నాలుగోసారి పిలిచింది, ఐదోసారి పిలిచింది. ఆరోసారికి గొంతులో నిజమైన ఏడుపు వచ్చేసింది. “అక్కా, తలుపు తియ్యవే! అక్కా!”

“వినపడుతున్నా తియ్యట్లేదు చూశారా,” అని పక్కనున్నావిడ రుమాలు కళ్లకద్దుకుంది. “ఎంత కడుపుమంటో పాపం!”

మేడమ్ పెదాలు అప్పటికే కదులుతున్నాయి. తలుపు తియ్యి, తలుపు తియ్యి. ఆవిడకు తెలియకుండానే అంటోంది. గడియారం మళ్లీ తిరిగింది, మళ్లీ కుడి పక్కకు చూసింది. ఈసారి మేడమ్ ఆ చూపును పట్టుకుంది. అది పాదాలు వెతికే చూపు కాదు. అరిగిన చెక్క మీద ఒక మనిషి నిలబడితే ఆ మనిషి నోరు ఎంత ఎత్తులో ఉంటుందో, సరిగ్గా అక్కడ ఆగే చూపు.

రెప్పవేయని ఆ కళ్లు, బోర్డు వైపు తిరిగిన టీచర్లు, చెక్కల గుండా పాదాలకు అందే కర్రదెబ్బ, కుర్చీల మధ్య నిలబడ్డ చెల్లెలు, తలుపుకి కిటికీ, నాలుగు మడతల చీటీ. అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

ఆవిడ లేచి కుర్చీల మధ్య దారిలో నడిచింది. ఎవరి కాలో తొక్కింది. వేదిక కింద, దీపం వెలుగు పడుతున్న చోటికి వెళ్లి మొహం పైకెత్తింది. గడియారం ఆ చుట్టు తిరిగి ఆవిడను చూసింది.

తలుపు తియ్యమ్మా, అన్నాయి పెదాలు.

చీపురు కిందపడింది. అక్క పరుగున వెళ్లి గొళ్లెం తీసింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ మొహంతో చెల్లెలు ఎదురుగా నిలబడి ఉంది. తెర పడింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ బడిలో ఏ నాటకానికీ అన్ని చప్పట్లు పడలేదు.

మేకప్ గదిలో చెల్లెలి వేషం పిల్ల కోపంతో ఊగిపోతోంది. “ఎన్నిసార్లు పిలవాలే నిన్ను! నా గొంతు పోయింది!” గడియారం అద్దం వైపు మొహం దించుకుని, దూదితో రంగు తుడుచుకుంటోంది. మేడమ్ గుమ్మంలో ఆగింది. వెనకనుంచి మెల్లగా “గడియారం” అని పిలిచింది. దూది ఆగలేదు. ఈసారి గట్టిగా, అసలు పేరు పెట్టి పిలిచింది. గదిలో ఉన్నవాళ్లంతా తిరిగారు, పిలిచిన పిల్ల తప్ప.

మూలన తాడు చుట్టపెడుతున్న నత్తి పిల్ల లేచి ముందుకొచ్చింది.

“మే... మేడమ్. దానికి వి... వినపడదు. ఐదో క్లాసు నుంచి అం... అందరికీ తెలుసు. మేమే గి... గిల్లి చెబుతాం. మీ... మీకొక్కరికే తెలీదు.”

ఎవరూ నవ్వలేదు. మేడమ్ వెళ్లి గడియారం భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. సగం రంగు పోయిన మొహం. ఆ కళ్లు తిన్నగా ఆవిడ పెదాల మీదికొచ్చి ఆగాయి.

“నాకెందుకు చెప్పలేదే?”

పిల్ల ఆవిడ వైపు చూసింది, తర్వాత నత్తి పిల్ల అరచేతిలో ఎర్రగీత వైపు చూసింది.

“చెబితే నాకూ తాడిస్తారని మేడమ్.”

లేదమ్మా, అలా ఎందుకిస్తాను అనబోయింది ఆవిడ. నోరు తెరిచింది కూడా. ఆ మాట అబద్ధమని ఆవిడకు తెలుసు. నోరెత్తి అంటే ఆ పిల్ల చదివేస్తుంది.

అంతలో తల్లి లోపలికొచ్చింది. ఇస్త్రీ దుకాణంలో సెలవు అడిగి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. “అందరూ ఏడ్చారు మేడమ్! నా పక్కనావిడ ఈ పిల్ల ఎవరి పిల్లండీ అని అడిగింది. నా పిల్లే అన్నా!” మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “కూర్చో అమ్మా,” అంది. “నీకొక మాట చెప్పాలి.”

మరుసటి వారం ముగ్గురూ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. గడియారం చాలాసేపు చెయ్యెత్తకుండా, గాజు బయటున్న మనిషి మొహం చూస్తూ కూర్చుంది. అతను ఆ సంగతి కనిపెట్టి, నవ్వి తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆ పిల్లకు చూసి చెయ్యెత్తడానికి ఏమీ దొరకలేదు.

డాక్టరు చెడ్డవాడు కాదు. కాగితం మీద గీతలు చూపించి ఓపిగ్గా చెప్పాడు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో కొంచెం మిగిలింది, మిషన్ పెడితే కొంత తెలుస్తుంది. “ఇది ఒక్కరోజులో పోయింది కాదమ్మా. చిన్నప్పటినుంచీ చెవుల్లో చీము పట్టి కొద్దికొద్దిగా తినేసింది. ఎనిమిది, తొమ్మిదేళ్లప్పుడు తెచ్చుంటే మందులకో, చిన్న ఆపరేషన్‌కో ఆగేది. ఇన్నేళ్లలో ఎవ్వరూ గమనించలేదా? బళ్లోనైనా?”

మేడమ్ గొంతు సవరించుకుంది. ఆ సవరించుకునే లోపలే తల్లి మాట్లాడింది.

“గమనించారు బాబూ. బళ్లో చీటీ కూడా రాసిచ్చారు. నేనే పనిలో పడి తీసుకురాలేకపోయా.”

డాక్టరు ఆమె వైపు ఒక చూపు చూశాడంతే. ఆ చూపుకు తల్లి తల దించుకుంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక మేడమ్‌కి మాట వచ్చింది. “అలా ఎందుకన్నావమ్మా? నేను వద్దంటేనే కదా నువ్వు తీసుకురానిది! లోపలికి పోయి నేను చెబుతాను పద.”

“కూర్చోండి మేడమ్,” అంది తల్లి. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. “చదువుకున్నవాళ్లు మీరు. ఆయన మిమ్మల్ని ఒక మాటంటే మీరు తట్టుకోలేరు. మేం పడేవాళ్లమే.” సంచిలోంచి చిన్న పర్సు తీసి, దానిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగినచోట కాగితపు ముక్కలతో అతికించి ఉంది. “మీరు అక్కర్లేదన్నాక పారేద్దామనుకున్నా. చెయ్యి రాలేదు. ఏమో, అమ్మని కదా.”

మేడమ్ ఆ కాగితం అందుకోలేదు. అందుకోవడానికి చెయ్యి రాలేదు.

పరీక్షలు అయిపోయాయి. గడియారం రెండు సబ్జెక్టుల్లో పోయింది, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే టీచర్ల సబ్జెక్టులు రెండింట్లోనూ. సర్టిఫికెట్టు తీసుకోవడానికి వచ్చిన రోజు హాల్లోకి వచ్చింది. ఎడమ చెవి వెనక బియ్యపుగింజ రంగు మిషన్ ఉంది. జుట్టు దాని మీదికి దువ్వుకుంది.

మేడమ్ వేదిక చెక్కలు తుడుస్తోంది. అడుగుల చప్పుడుకు తలెత్తి, ఇరవై రెండేళ్ల అలవాటుతో గొంతు లేకుండానే “రా” అంది.

“గొంతుతో అనండి మేడమ్,” అంది పిల్ల. “ఇప్పుడు కొంచెం వినపడుతుంది.”

“రామ్మా,” అంది మేడమ్.

పిల్ల తల పక్కకు వంచి విన్నది. ఒక్క క్షణం ఏదో చిరునవ్వులాంటిది వచ్చింది. “మీ గొంతు ఇలా ఉంటుందనుకోలేదు.”

“ఎలా ఉంటుందనుకున్నావే?”

“ఇంకా మెత్తగా.”

మేడమ్ నవ్వబోయింది, కుదరలేదు. పిల్ల వచ్చి కుడి పక్కన అరిగిన చెక్క మీద నిలబడింది. అక్కడినుంచి వేదిక ఎలా కనిపిస్తుందో చూస్తోంది. పదేళ్లలో ఆ పిల్ల అక్కడ నిలబడటం అదే మొదటిసారి. కర్రతో ఒకసారి తాళం వెయ్యమని అడుగుతుందేమో అని మేడమ్ ఎదురుచూసింది. అడగలేదు.

ఆవిడ దగ్గరికి వెళ్లింది. చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. దాన్ని గొంతుతోనే చెప్పాలి, ఈ ఒక్క మాటైనా ఈ పిల్ల చెవిన పడాలి. ఊపిరి పీల్చుకుంది. వెనక గోడకు తగిలేలా మాట పలకడం వందలమందికి నేర్పిన మనిషికి ఆ రోజు గొంతు పెగల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి.

క్షమించు తల్లీ.

పిల్ల మొదటి అక్షరం దగ్గరే పోల్చుకుంది. చూపు దించుకుని నేల వంక చూస్తూ నిలబడింది. వినకూడదనుకున్నప్పుడు ఆ పిల్ల చేయగలిగింది అదొక్కటే.